ఇంటికీ బండికీ ఒకే బ్యాటరీ ఎప్పుడు?

కొత్త విద్యుత్ వ్యాన్ వస్తోందన్న ప్రకటన వెలువడిన ప్రతిసారీ చర్చంతా ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ఒకసారి ఛార్జ్ చేస్తే ఎన్ని కిలోమీటర్లు వెళ్తుంది? సరుకు రవాణాకో, రోజూ ఆఫీసుకు వెళ్లి రావడానికో కొనేవారికి ఆ ప్రశ్న సమంజసమే. అయితే బండిలోనే పడుకుని, బండిలోనే వండుకుని, వాన పట్టుకుంటే రోజంతా అందులోనే కూర్చునే మాలాంటి వారికి అంతకంటే ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది. నేల కింద ఉన్న ఆ పెద్ద బ్యాటరీలోని కరెంటును, బండి ఆగి ఉన్నప్పుడు లోపలి పొయ్యికీ ఫ్రిజ్‌కూ హీటర్‌కూ వాడుకోనిస్తారా, లేదా? విద్యుత్ క్యాంపర్ వ్యాన్ల కోసం కొన్నేళ్లుగా ఆశగా ఎదురుచూస్తున్న నాకు, ఇప్పటివరకు వచ్చినవాటిలో చాలావాటి మీద అసంతృప్తి మిగలడానికి కారణం కిలోమీటర్లు కావు, ఈ ప్రశ్నకు సూటిగా జవాబు దొరకకపోవడమే.

డీజిల్ క్యాంపర్‌ను అద్దెకు తీసుకుని అందులో రాత్రులు గడిపినవారికి నా బాధ వెంటనే అర్థమవుతుంది. తలుపు పైన చిన్న ప్యానెల్ ఒకటి ఉంటుంది, దాని మీద ఇంటి బ్యాటరీ వోల్టేజీ కనిపిస్తుంది. సాయంత్రం 12.7 అని చూపించిన అంకె, దీపాలు వెలిగి, నీళ్ల పంపు నాలుగుసార్లు తిరిగి, ఫ్రిజ్ రాత్రంతా ఆగుతూ నడుస్తూ ఉండేసరికి తెల్లవారుజామున 12.1 దగ్గర నిలబడుతుంది. సరిగ్గా అప్పుడే చలి వేసి డీజిల్ హీటర్ బటన్ నొక్కుతాము. హీటర్ మంట డీజిల్‌దే అయినా, ఆ మంట అంటుకోవడానికి లోపల ఒక చిన్న ప్లగ్ ఎర్రగా కాలాలి, అది మొదటి రెండు మూడు నిమిషాలు పది ఆంపియర్ల దాకా లాగుతుంది. బ్యాటరీ అప్పటికే నీరసించి ఉంటే ఫ్యాన్ కాసేపు తిరిగి, లోపం కోడ్ ఒకటి చూపించి ఆగిపోతుంది. ట్యాంకు నిండా డీజిల్ ఉంటుంది, సిలిండర్‌లో గ్యాస్ ఉంటుంది, అయినా మనం దుప్పటి తల దాకా లాక్కుని పడుకోవలసిందే. డీజిల్, గ్యాస్, 12 వోల్టుల కరెంటు అనే మూడు వేర్వేరు ఖాతాలతో నడిచే ఇల్లు అది. ఒక ఖాతాలోని మిగులు మరొక ఖాతా లోటును పూడ్చదు. గ్యాస్ ఎంత మిగిలిందో తెలుసుకోవాలంటే నేటికీ సిలిండర్‌ను చేత్తో ఎత్తి బరువు చూసేవారే ఎక్కువ.

ఇప్పుడు అదే ఇంటిని పూర్తిగా కరెంటుతో నడిపితే రోజుకు ఎన్ని యూనిట్లు కావాలో చూద్దాము. లీటరు నీటిని మరిగించడానికి ఒక యూనిట్‌లో పదో వంతు, నష్టాలు కలుపుకుంటే దానికి కొంచెం పైన ఖర్చవుతుంది. ఇండక్షన్ పొయ్యి మీద ఇద్దరికి రెండు పూటల వంటకు సుమారు ఒక యూనిట్, కంప్రెసర్ ఫ్రిజ్‌కు ఇరవై నాలుగు గంటలకు అర యూనిట్, ఎల్‌ఈడీ దీపాలు, చిన్న ఫ్యాన్, ఫోన్లు, ల్యాప్‌టాప్ కలిపి మరో అర యూనిట్ అనుకోవచ్చు. అన్నీ కలిపి రెండు, రెండున్నర యూనిట్లు దాటవు. నూరు ఆంపియర్ అవర్ల సాధారణ లెడ్ బ్యాటరీలో ఉన్నదే 1.2 యూనిట్లు, పాడు కాకుండా వాడుకోగలిగింది అందులో సగం, కనుక పాత పద్ధతి ఇంటికి గ్యాస్ సిలిండర్ తప్పనిసరి అయింది. విద్యుత్ వ్యాన్ కింద ఉండే బ్యాటరీ 60 నుంచి 90 యూనిట్లది. 80 యూనిట్ల బ్యాటరీని కదలకుండా ఒకచోట నిలిపి, రోజుకు రెండున్నర యూనిట్ల చొప్పున వాడుకుంటే లెక్క ప్రకారం నెల రోజులు గడుస్తాయి. వంద కిలోమీటర్లకు 25 నుంచి 30 యూనిట్లు తాగే వ్యాన్‌కు ఒక రోజు సంసారం ఖర్చు పది కిలోమీటర్ల ప్రయాణంతో సమానం. ఇంత తేలికగా తీరే అవసరం కోసం ఇన్నేళ్లుగా గ్యాస్ పైపులు, పొగ గొట్టాలు, కార్బన్ మోనాక్సైడ్ అలారాలు మోసుకుంటూ తిరుగుతున్నాము.

నిజానికి ఈ నిరీక్షణ నా ఒక్కడిది కాదు, కొత్తదీ కాదు. ఫోక్స్‌వ్యాగన్ తన టైప్ 2 వ్యాన్‌ను 1950లో మొదలుపెట్టిన మరుసటి సంవత్సరమే వెస్ట్‌ఫాలియా సంస్థ దానిలో మంచం, అలమర అమర్చి క్యాంపర్‌గా మార్చింది. అదే వ్యాన్‌కు 1970ల ఆరంభంలో విద్యుత్ రూపం కూడా వచ్చింది. అయితే 800 కిలోలకు పైబడిన లెడ్ బ్యాటరీలు మోసినా అందులో నిలవ ఉన్నది 22 యూనిట్ల లోపే, కనుక అది వంద కిలోమీటర్లయినా వెళ్లలేకపోయింది. నేటి లిథియం బ్యాటరీ 80 యూనిట్లను సుమారు 500 కిలోల్లో ఇముడ్చుకుంటుంది. బరువు తగ్గి, నిలవ దాదాపు నాలుగింతలయింది కాబట్టే 2017 జనవరిలో డెట్రాయిట్ ప్రదర్శనలో ఫోక్స్‌వ్యాగన్ ఐడీ బజ్ అనే విద్యుత్ వ్యాన్ నమూనాను చూపించినప్పుడు నాలాంటివారు ఇక నిరీక్షణ అయిపోయిందనే అనుకున్నారు. అమ్మకానికి సిద్ధమైన బజ్ 2022 మార్చిలో బయటికి వచ్చింది. పొడవాటి వ్యాన్ ఆకారానికి 0.285 అనే గాలి నిరోధక గుణకం (ఇది ఎంత తక్కువైతే గాలి అంత తక్కువగా అడ్డుతుంది) మెచ్చుకోదగినదే, బ్యాటరీలో వాడుకోదగినది 77 యూనిట్లు. దాని ఆధారంగా కాలిఫోర్నియా పేరుతో క్యాంపర్ వస్తుందని సంస్థ చెప్పింది, ఆపైన ఆ గడువు వెనక్కి జరుగుతూ వచ్చింది. 2024లో వచ్చిన కొత్త కాలిఫోర్నియా, బజ్ మీద కాక మల్టీవ్యాన్ అనే మరో వ్యాన్ మీద కట్టినది, అందులో పెట్రోలు, డీజిల్ ఇంజన్లతో పాటు ప్లగ్‌తో ఛార్జ్ చేసుకునే హైబ్రిడ్ ఉంది. ఆ హైబ్రిడ్ తప్పు కాదు, కానీ పెళ్లికి పిలిచి నిశ్చితార్థం భోజనం పెట్టినట్టుంది.

ఆలస్యానికి అసలు కారణం బరువు, దీని దగ్గర కొంచెం ఆగాలి. యూరప్‌లో మామూలు కారు లైసెన్సుతో నడపగలిగే బండి గరిష్ఠ బరువు 3,500 కిలోలు. ఎత్తయిన పైకప్పు ఉన్న పెద్ద విద్యుత్ వ్యాన్ ఏమీ లేకుండా ఖాళీగా ఉన్నప్పుడే సుమారు రెండున్నర టన్నులు తూగుతుంది. ఇందులో మంచాలు, అలమరలు, స్నానాల గది, ఫ్రిజ్, పొయ్యి, కిటికీలు, పైకి లేచే కప్పు అమర్చితే 500 కిలోలు సులువుగా చేరతాయి. నలుగురు మనుషులు మరో 300 కిలోలు, వంద లీటర్ల నీళ్లు సరిగ్గా వంద కిలోలు. ఇక మిగిలిన వంద కిలోల్లోనే దుప్పట్లు, సామాన్లు, కుర్చీలు, సైకిళ్లు, పుస్తకాలు సర్దుకోవాలి. డీజిల్ వ్యాన్‌లో ఈ లెక్క బిగుతుగానైనా కుదిరేది. ఒక లీటరు డీజిల్‌లో సుమారు పది యూనిట్ల శక్తి ఉంటుంది, ఇంజన్ అందులో ఎక్కువ భాగాన్ని వేడిగా పారబోసినా, 70 లీటర్ల ట్యాంకు 60 కిలోలే తూగుతుంది. బ్యాటరీ ఖాళీ అయినా నిండినా దాని బరువు మారదు.

బరువుతో పాటు చోటు సమస్య కూడా ఉంది, దీన్ని ప్రకటనల్లో ఎవరూ ప్రస్తావించరు. సాధారణ క్యాంపర్‌లో మంచినీటి ట్యాంకు, వాడిన నీటి ట్యాంకు, గ్యాస్ పెట్టె వంటివి బండి అడుగున ఉండే ఖాళీల్లో వేలాడదీస్తారు. విద్యుత్ వ్యాన్‌లో ఆ ఖాళీలను బ్యాటరీ ఆక్రమిస్తుంది. ట్యాంకులు లోపలికి వస్తే మంచం కింద చోటు పోతుంది, లోపలి నేల ఎత్తు పెరిగితే పొడగరి నిటారుగా నిలబడలేడు. కొంత మేలు కూడా లేకపోలేదు. బరువంతా నేలకు దగ్గరగా ఉండడం వల్ల పక్కగాలి కొట్టినప్పుడు, మలుపుల్లో బండి ఊగడం తగ్గుతుంది, లోపల ఉన్న నీళ్లు శీతకాలంలో గడ్డకట్టే భయం ఉండదు.

లైసెన్సు విషయంలో మాత్రం చట్టం కొంత దిగివచ్చింది. 2025లో యూరోపియన్ యూనియన్ ఆమోదించిన కొత్త డ్రైవింగ్ లైసెన్సు నిబంధనలు, అదనపు శిక్షణ లేదా పరీక్ష షరతుతో, కారు లైసెన్సు ఉన్నవారు 4,250 కిలోల వరకు క్యాంపర్లను నడిపేందుకు దారి తెరిచాయి. సభ్యదేశాలు తమ తమ చట్టాల్లో చేర్చి అమలు చేయడానికి ఇంకా కొన్నేళ్లు పడుతుంది. పెద్ద విద్యుత్ క్యాంపర్ల భవిష్యత్తును కొత్త బ్యాటరీ రసాయనాలకన్నా ఈ 750 కిలోల సడలింపే ఎక్కువగా నిర్ణయిస్తుందని నా నమ్మకం.

మళ్లీ మొదటి ప్రశ్నకు వస్తాను. ఈనాడు విద్యుత్ వ్యాన్‌ను కొని క్యాంపర్‌గా మార్చే వర్క్‌షాపుల్లో చాలావరకు ఏం చేస్తున్నాయో చూస్తే నవ్వు, బాధ కలిసి వస్తాయి. బండి అడుగున 70 యూనిట్లు పెట్టుకుని, మంచం కింద మళ్లీ ఒకటో రెండో యూనిట్ల లిథియం బ్యాటరీ వేరుగా బిగిస్తారు, దానికి వేరే ఛార్జర్, వేరే ఇన్వర్టర్, వేరే మీటరు. కొన్నింటిలో చలికోసం పది లీటర్ల చిన్న ట్యాంకుతో డీజిల్ హీటర్ కూడా పెడతారు. విద్యుత్ బండిని పట్టుకుని డీజిల్ బంకుకు వెళ్లవలసి రావడం కంటే విడ్డూరం ఏముంటుంది? తప్పు వర్క్‌షాపులది కాదు. ప్రధాన బ్యాటరీ నాలుగు వందల వోల్టుల చుట్టూ పనిచేస్తుంది, తయారీదారు అనుమతి లేకుండా దాన్ని తాకితే ప్రమాదం సంగతి అటుంచి వారంటీ పోతుంది. పైగా బండిని ఆపి తాళం వేసిన మరుక్షణం భద్రత కోసం ఆ బ్యాటరీని మిగతా వైరింగ్ నుంచి విడదీసే స్విచ్చులు తెరుచుకుంటాయి. వాటిని మూసి, అంటే కరెంటు పారేలా కలిపి ఉంచాలంటే బండిలోని కంప్యూటర్లు, పంపులు మేలుకునే ఉండాలి. ఆ మెలకువకే 200 వాట్లు ఖర్చవుతాయనుకుంటే రోజుకు దాదాపు ఐదు యూనిట్లు, అంటే పైన లెక్కగట్టిన ఇంటి ఖర్చుకు రెట్టింపు, ఎవరికీ ఉపయోగపడకుండా పోతాయి.

ఇది తీరని సమస్య కాదని ఇప్పటికే తెలిసిపోయింది. హ్యుందాయ్ ఐయానిక్ 5 కారు 2021 నుంచే బయటి పరికరాలకు 3.6 కిలోవాట్ల దాకా కరెంటు ఇస్తోంది, ఫోర్డ్ ఈ-ట్రాన్సిట్ వ్యాన్‌లో పనివాళ్ల యంత్రాల కోసం 2.3 కిలోవాట్ల సాకెట్లు వస్తున్నాయి, టెస్లా కార్లలో రాత్రంతా లోపలి ఉష్ణోగ్రతను నిలిపి ఉంచే క్యాంప్ మోడ్ ఉంది. ఈ మూడింటినీ ఒకేచోట చేర్చి, ఆగి ఉన్నప్పుడు నలభై యాభై వాట్లకు మించి తినకుండా నిద్రపోయే వ్యవస్థను వ్యాన్ ఫ్యాక్టరీలోనే అమర్చి ఇస్తే, వర్క్‌షాపులకు మిగిలేది చక్కటి వడ్రంగం పనే. బండిని గీసేటప్పుడే అందులో ఒక ఇల్లు ఉంటుందని ఇంజనీరు మనసులో పెట్టుకోవాలి, అంతకుమించిన అద్భుతమేమీ అక్కరలేదు.

కిలోమీటర్ల విషయాన్ని పూర్తిగా దాటవేస్తే నిజాయితీ కాదు. అమెరికాలో విన్నెబాగో సంస్థ 2022 జనవరిలో ఈ-ట్రాన్సిట్ మీద కట్టి చూపించిన నమూనా క్యాంపర్ 125 మైళ్లు, అంటే సుమారు 200 కిలోమీటర్లు వెళ్తుందని ప్రకటించింది. ఏడాది తర్వాత చూపించిన రెండో నమూనాకు ఆ సంఖ్య 108 మైళ్లకు తగ్గింది. చాలామంది ఎగతాళి చేశారు, ఎదురుగాలిలో, చలిలో ఆ దూరం ఇంకా తగ్గుతుంది కాబట్టి ఆ ఎగతాళిలో కొంత న్యాయం ఉంది. కానీ వేగాన్ని వదిలేసి దూరం గురించి మాట్లాడడంలో అర్థం లేదు. గాలి నిరోధం వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది, కనుక 90 బదులు 120లో వెళ్తే కిలోమీటరుకు గాలిని చీల్చుకోవడానికి అయ్యే శక్తి ముప్పావు వంతుకు పైగా పెరుగుతుంది. అలమరలాంటి నిలువెత్తు ముఖంతో గాలికి ఎదురెళ్లే బండికి ఈ లెక్క కారుకన్నా కఠినంగా తగులుతుంది. అలాగని క్యాంపర్‌లో ఉన్నవారికి 120లో వెళ్లవలసిన అగత్యం ఏమిటి? చేరవలసిన గది ఎక్కడో లేదు, వెనక సీటు తర్వాతే ఉంది. రోజుకు వంద, నూట యాభై కిలోమీటర్లు తిరిగి సాయంత్రం నిలిచే ప్రయాణాలనే నేను ఇష్టపడతాను, అలాంటివారికి 250 కిలోమీటర్ల నిజమైన దూరం చాలు.

సాయంత్రం నిలవడమన్న దానిలోనే అసలు సౌకర్యం దాగి ఉంది. క్యాంపర్లు నిలిపే స్థలాల్లో ప్రతి బండికీ ఒక కరెంటు స్తంభం ఇవ్వడం దశాబ్దాలుగా ఉన్న ఏర్పాటే. 230 వోల్టుల్లో 10 ఆంపియర్లు అంటే 2.3 కిలోవాట్లు, పన్నెండు గంటల్లో 27 యూనిట్లు, నష్టాలు పోను మరుసటి రోజుకు 80 నుంచి 90 కిలోమీటర్లు. 16 ఆంపియర్లయితే 130 కిలోమీటర్లు దాటుతుంది. దారిలో నిలబడి ఫాస్ట్ ఛార్జర్ దగ్గర వరుసలో వేచి ఉండే అవసరమే రాకుండా, నిద్రపోతున్నప్పుడు బండి నిండుతుంది. చిక్కు ఏమిటంటే ఆ స్తంభాలన్నీ ఒకే కేబుల్ మీద వేలాడుతుంటాయి, టీవీకీ ఫ్రిజ్‌కూ సరిపోయేలా వేసిన ఆ వైరింగ్ మీద ఇరవై బండ్లు ఒకేసారి రాత్రంతా పూర్తి ఆంపియర్లు లాగితే ఫ్యూజులు ఎగిరిపోతాయి. పాతచోట్ల 6 ఆంపియర్లే ఇస్తారు, కొన్నిచోట్ల ఆ సాకెట్ నుంచి వాహనాన్ని ఛార్జ్ చేయకూడదని బోర్డే పెట్టి ఉంటుంది. రోడ్ల పక్కన కొత్త ఛార్జర్లకు పెట్టే డబ్బులో కొంత ఈ స్తంభాల వైరింగ్‌కు పెట్టాలన్నది నా వాదన. రోడ్డు పక్క ఛార్జింగ్ స్టేషన్లను కారు కొలతకే గీస్తున్నారు, ఏడు మీటర్ల వ్యాన్ తోక దారికి అడ్డంగా మిగిలిపోతుంది, రెండు మీటర్ల ఎత్తు దగ్గర ఇనుప కమ్మీ ఉంటే లోపలికే వెళ్లలేము.

సౌర ఫలకాల గురించి అడిగేవారు కూడా ఎక్కువే. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం విద్యార్థులు 2021లో స్టెల్లా వీటా అనే సౌర క్యాంపర్‌ను తయారుచేసి, ఐండ్‌హోవెన్ నుంచి స్పెయిన్ దక్షిణ కొసన ఉన్న టరీఫా దాకా నడిపారు. ఆగినప్పుడు కప్పు పైకి లేచి, ఇరుపక్కలా ఫలకాలు రెక్కల్లా విచ్చుకుని మొత్తం 17.5 చదరపు మీటర్లవుతుంది. 60 యూనిట్ల బ్యాటరీతో, బాగా ఎండ కాసే రోజున 730 కిలోమీటర్ల దాకా వెళ్లగలదని వారు చెప్పారు. బండి బరువు 1,700 కిలోలేనన్నదీ, నీటిబొట్టు ఆకారంలో ఉందన్నదీ మరిచిపోకూడదు. మామూలు వ్యాన్ కప్పు మీద నాలుగు చదరపు మీటర్ల ఫలకాలే పడతాయి, అవి మంచి ఎండలో రోజుకు మూడు నాలుగు యూనిట్లు ఇస్తాయి. దాంతో పది పదిహేను కిలోమీటర్లకు మించి నడవము. ఇంటి ఖర్చు రెండున్నర యూనిట్లని చెప్పుకున్నాము కదా, అది మాత్రం పూర్తిగా తీరిపోతుంది. అంటే వేసవిలో చెట్టు నీడ వదులుకోగలిగితే ఎన్నాళ్లు నిలబడినా ప్రధాన బ్యాటరీ తరగదు. ఇంటికీ బండికీ ఒకే బ్యాటరీ ఉంటేనే ఈ మిగులు యూనిట్టు కూడా చక్రాలకు చేరుతుంది. వేరు బ్యాటరీ అయితే మధ్యాహ్నానికి అది నిండిపోయి, మిగతా ఎండ వృథా అవుతుంది.

శీతకాలం సంగతి క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. గడ్డకట్టే చలిలో బ్యాటరీతో బండి వెళ్లే దూరం ఐదో వంతు నుంచి మూడో వంతు దాకా తగ్గవచ్చు, రాత్రి వేడికి కిలోవాట్ హీటర్‌ను నడిపితే ఎనిమిది యూనిట్లు ఖర్చవుతాయి. బయటి గాలిలోని వేడిని లోపలికి చేర్చే హీట్ పంపు ఉంటే ఆ ఖర్చు సగానికో అంతకంటే తక్కువకో దిగుతుంది. కిటికీలకు, గోడలకు మంచి ఇన్సులేషన్ చేయించడం అదనపు బ్యాటరీ కన్నా చవక, తేలిక కూడా.

ముందుగా వచ్చేవి చిన్న వ్యాన్లేనని, పెద్దవి 4,250 కిలోల నిబంధన అమలు కోసం ఆగుతాయని నా అంచనా. కియా సంస్థ 2025లో తెచ్చిన పీవీ5 వ్యాన్ ఈ దారిలో ఆసక్తికరమైనది. 51.5, 71.2 యూనిట్ల బ్యాటరీలు, పెద్దదానితో ప్రయాణికుల రకానికి 400 కిలోమీటర్లు దాటిన ప్రకటిత దూరం, చాలా కిందికి ఉన్న నేల, బయటి పరికరాలకు కరెంటు ఇచ్చే ఏర్పాటు ఉన్నాయి. దాని ఆధారంగా వీకెండర్ పేరుతో ఒక క్యాంపర్ నమూనాను 2024లో లాస్ వెగాస్‌లోని సెమా ప్రదర్శనలో చూపించారు. అది అలాగే అమ్మకానికి వస్తుందని నేను అనుకోను, కానీ మొదటి గీత నుంచే బండి వెనక భాగంలో వేరే జీవితం ఉంటుందని ఊహించి కట్టిన వ్యాన్ కనుక మంచం అమర్చేవాడి పని సులువవుతుంది.

అలాంటి బండి షోరూమ్‌కు వచ్చిన రోజున దూరం గురించి అడగను, అది కాగితం మీద ఎలాగూ ఉంటుంది. బండి పత్రాల్లో ఖాళీ బరువు, గరిష్ఠ బరువు చూసి, ఆ రెండింటి తేడాలో మనుషులు, నీళ్లు, సామాన్లు పడతాయో లేదో అక్కడే కూడి చూస్తాను. తర్వాత బండిని ఆపించి, తాళం వేయించి, లోపల ఫ్రిజ్ మాత్రం నడుస్తూ ఉండగా బ్యాటరీ శాతాన్ని రాసుకుని, మర్నాడు ఉదయం మళ్లీ వచ్చి చూస్తానని చెబుతాను. రాత్రికి ఒక శాతం తగ్గితే అడ్వాన్సు కట్టేస్తాను. ఐదు శాతం తగ్గితే, అద్దె డీజిల్ క్యాంపర్‌లో ఇంకో ఏడాది సిలిండర్ ఎత్తి చూసుకుంటూ గడుపుతాను.